మ్యాప్‌లో తెల్లటి జాగా

అడవి అంటుకుని అది నాలుగో రోజు. పొగ ఎటు పోతోందో, బీడు నేలల మీంచి లేచిన ధూళి ఎంతదూరం వచ్చిందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి మ్యాప్ తయారుచేసే ఆఫీసు అది. రోజంతా పొగనే చూస్తుంది కాబట్టి అక్కడ పనిచేసే ఒకామెకు తోటివాళ్ళు పొగమ్మ అని పేరు పెట్టారు.

పదకొండున్నరకు వచ్చిన మ్యాప్ చూసి పొగమ్మ తల పట్టుకుంది. పొగ చిక్కబడేకొద్దీ రంగు పసుపు నుంచి గోధుమకు ముదరాలి. అన్నిటికన్నా ముదరాల్సిన చోట తెల్లగా ఉంది. ఆ తెలుపు కిందే ఆమె అక్క హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడి. మూడింటికి అక్కడ పరుగు పందేలు, మూడు వందల మంది పిల్లలు.

వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, పందేలు ఆపు. మీ నెత్తి మీద పొగ ఉంది. మూడింటికల్లా కిందికి దిగుతుంది."

"నీ మ్యాపే చూస్తున్నానే. మా ఊరు తెల్లగా ముత్యంలా ఉంది."

"తెలుపంటే బాగున్నట్టు కాదక్కా. మాకు తెలియలేదని."

"తెలియకపోతే ఆ మాటే రాయాలి గానీ తెల్లగా వదిలేస్తారా?"

"రాశాం. అడుగున."

"చీమ తలకాయంత అక్షరాల్లో! ఇక్కడ కాస్త మబ్బుగా ఉంది, ఎండ లేదు. పందేలకు ఇంతకన్నా మంచి రోజు దొరకదు. అయినా తల్లిదండ్రులకు నేనేం చెప్పను, మా చెల్లెలు ఫోన్ చేసిందనా? మీ ఆఫీసు చేత చెప్పించు."

కారణం పొగమ్మకు తెలుసు. మేఘాలను ఏరి పారేసే ప్రోగ్రామ్ ఒకటుంది. ఆఫీసులో దాన్ని జల్లెడ అంటారు. పొగ మరీ చిక్కబడితే పైనుంచి మేఘంలాగే తెల్లగా మెరుస్తుంది. జల్లెడ దాన్నీ పారేస్తుంది. ఆ జల్లెడ రాసింది ఆఫీసు అధిపతి, పెద్దాయన. ఆ తెలుపులో పొగను చేత్తో గీస్తానని వెళ్ళి ఆయన్ని అడిగింది.

"జల్లెడ మేఘమంటే మేఘమేనమ్మా," అన్నాడాయన. "చేత్తో గీయడం మానేసి ఆరేళ్ళయింది. అప్పట్లో మేఘాన్ని పొగ అనుకుని ఒక ఊరంతా తలుపులు వేయించాం. గంటలో వాన కురిసింది. ఇప్పటికీ చినుకు పడితే మా ఆవిడ పొగ వస్తోందండీ అంటుంది."

"సార్, ఇటు చూడండి." నేల వేడిని చూపే చిత్రం తెరిచింది. అందులో మేఘం గోడలా అడ్డొస్తుంది, పొగ అడ్డురాదు. "కింద నది కనిపిస్తోందా, లేదా? మేఘమైతే కనిపిస్తుందా?"

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని నది వంపు వెంబడి వేలు జరిపాడు.

"ఇంకో చిత్రం రానీ."

"అది మూడుంబావుకి సార్. పందేలు మూడింటికి."

"చేత్తో గీస్తే సంతకం ఎవరిది?"

"నాది. పక్కన మీది."

ఆయన గొణుక్కుంటూ పెట్టాడు. "మా ఆవిడకు మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

పొగమ్మ తెలుపు అంచు వెంబడి గీసి, రంగు నింపి, మ్యాప్ పంపింది. జల్లెడ ఆమె గీసినదాన్నీ పారేసింది. మళ్ళీ గీసింది. మళ్ళీ పోయింది.

"సార్! మీ జల్లెడ నన్ను కూడా మేఘమే అంటోంది!"

పెద్దాయన లేచి వచ్చాడు. తన ప్రోగ్రామ్‌లో తాను రాసిన ఆదేశం తనకే దొరక్క ఇరవై నిమిషాలు వెతికాడు. ఆ కాస్త జాగా వరకు జల్లెడ ఆపాడు. రెండుంబావుకి మ్యాప్ మారింది.

రెండున్నరకు అక్క ఫోన్ చేసింది.

"ఏమే, ఇప్పుడు ముదురు గోధుమ రంగొచ్చింది! పందేలు ఆపేస్తున్నా. ఇంత ప్రమాదమైతే పొద్దున్నే చెప్పొద్దూ?"

పొగమ్మ గడియారం చూసింది.

"పిల్లలెక్కడున్నారు?"

"మైదానంలోనే, వరుసల్లో. ఎలా చెప్పాలా అని చూస్తున్నా."

"చెప్పడం తర్వాత. ముందు లోపలికి పంపి కిటికీలు మూయించు."

ఈల మోగింది. ఆ వెంటనే మూడు వందల గొంతులు ఒక్కసారిగా ఉసూరుమన్నాయి. పొగమ్మ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది. ఆ గోల తగ్గి, కిటికీ రెక్కలు ఒకటొకటిగా మూసుకునేదాకా వింది.