సీటు కింద షాఫ్టు

మా ఆయన టైల్స్ వేసే మేస్త్రీ. టైలు కోసే గ్రైండర్ చేయి జారి తొడ లోతుగా కోసుకుపోయింది. తువ్వాలు బిగించి కట్టాను గానీ రక్తం ఆగడం లేదు. అంబులెన్సు వాళ్ళు ఈ వానలో మట్టిదారిలోకి రాలేమన్నారు. తార్రోడ్డు దాకా మమ్మల్నే రమ్మన్నారు. వెనక సీటు మీద ఆయన్ని పడుకోబెట్టి బయలుదేరాను. సగం ఎత్తు ఎక్కాక జీపు బురదలో కూరుకుపోయింది.

ఈ జీపు మేం కొనేనాటికే ముసలిది. ఫోర్ వీల్ బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, కొండలైనా ఎక్కుతుందని అమ్మినవాడు చెబితే ఈయన మురిసిపోయారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేను ఆరోజే అన్నాను. నా మాట ఎవరు విన్నారు కనక.

ఫోర్ వీల్ లివర్ లాగాను. బుద్ధిగానే పడింది. క్లచ్ వదిలితే వెనక చక్రాలు బురద చిమ్మాయి, ముందు చక్రాలు ఉలకలేదు పలకలేదు. మళ్ళీ లాగాను. మళ్ళీ అంతే.

"ఏవండీ, పట్టడం లేదు."

"పట్టదే," అన్నారు వెనకనుంచి. "ముందు షాఫ్టు విప్పేశాను."

ముందు చక్రాలను తిప్పే ఇనుప గొట్టం అది. అది లేకపోతే లివర్ ఉత్త అలంకారం.

"ఎందుకు విప్పారు?"

"ఒకటే మోత. భరించలేకపోయా. నీకు చెబుదామనే అనుకున్నా."

"ఎక్కడ పెట్టి చచ్చారు?"

"నా కిందే ఉంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మా బతుకు. ఆయన కాలు కదలకుండా సీటు కిందనుంచి షాఫ్టునూ, బోల్టుల డబ్బానూ, పానానూ లాగాను. బురదలో వెల్లకిలా పడుకుని జీపు కిందికి దూరాను. నాకు తెలిసిన మరమ్మతు కుక్కర్ పిడి బిగించడం ఒక్కటే.

పైనుంచి ఆయన చెబుతున్నారు. "లివర్ వెనక్కి తోశావా? ఇప్పుడు తిప్పు, కన్నాలు కలుస్తాయి. బోల్టు పట్టిందా?"

"పట్టింది."

"రెండోది పట్టిందా?"

"పట్టింది. మాట్లాడుతూ ఉండండి."

ఒక్కో బోల్టుకీ ఆ గొంతు సన్నబడింది. ఆఖరి బోల్టుకి ఆయన అడగలేదు. "పట్టిందండీ," అని నేనే అన్నాను. ఇంకోసారి గట్టిగా అన్నాను.

ఎలా బయటికొచ్చానో, ఎలా ఎక్కానో నాకే తెలియదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. లివర్ లాగి క్లచ్ వదిలాను. ముందు చక్రాలు మట్టిని కరుచుకుని బండిని పైకి ఈడ్చాయి. కింద షాఫ్టు డబడబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ మోత విని ఊరుకునే మనిషి కాదు ఆయన. ఊరుకున్నారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన తిట్టాలని మోత ఇంకా పెంచాను, కనబడిన ప్రతి గుంతలోకీ బండిని దించాను. తిట్టండి, ఒక్కసారి తిట్టండి అని గొణుక్కుంటూనే నడిపాను.

తార్రోడ్డు మీద అంబులెన్సు దీపం కనిపించింది. అప్పుడు వెనకనుంచి, వినీ వినపడనట్టు, విసుగ్గా ఒక మాట.

"మోతొస్తోందే."

"రానివ్వండి," అన్నాను.