అల్లుడు నిలబడ్డ చోటు

నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి నీలం జట్టు పదకొండు పాయింట్లు వెనకబడింది. గెలిస్తే ఫైనల్, ఓడితే ఇంటికి. ఈ బాస్కెట్‌బాల్ ఆట టీవీలో చూడటానికని అల్లుడు ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో తన డ్యూటీ తోటివాడికి అంటగట్టాడు. బదులుగా మూడు ఆదివారాలు తను చేస్తానని ఒప్పుకున్నాడు. పెళ్ళయ్యాక అత్తవారింట్లో ఆట చూడటం ఇదే మొదలు.

గొంతు తడారిపోయి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసు ఎత్తాడో లేదో హాల్లో కేక. నీలం కెప్టెన్ దూరం నుంచి వేసిన బంతి పడింది, మూడు పాయింట్లు. గ్లాసు దించేలోపు ఇంకో మూడు. పరుగున వచ్చి సోఫాలో కూలబడ్డాడు. ఎర్ర జట్టు వరసగా నాలుగు పాయింట్లు కొట్టింది.

మామగారు వడ్రంగి. రెండుసార్లు కొలవనిదే చెక్క మీద రంపం పెట్టని మనిషి.

"అల్లుడుగారూ, ఇంకోసారి వంటింట్లోకి వెళ్ళండి."

"దాహం తీరిందండి మామయ్యగారూ."

"మీ దాహం సంగతి ఎవరడిగారు?"

వెళ్ళాడు. నీలం జట్టు బంతి పడింది. తేడా ఏడు.

"ఇక అక్కడే ఉండండి. కదలకండి!"

రోజూ అరవై మందికి తను చెప్పే మాట అది. "ఊపిరి కూడా బిగబట్టనా?" అన్నాడు.

"బిగబడితే మరీ మంచిది," అంది భార్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

వంటింట్లోంచి టీవీ కనిపించదు. కనిపించేది మామగారి వీపు, గోడ గడియారం. కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్న అల్లుణ్ణి చూసి అత్తగారికి జాలేసింది. ఆవిడకి ఈ ఆట తలా తోకా తెలియదు. అయినా గుమ్మంలో పీట వేసుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"బాబూ, పొడుగాయన పరిగెడుతున్నాడు."

"అందరూ పొడుగే అత్తయ్యా. నంబరెంత?"

"వీపు ఇటు తిప్పితే కదా చెప్పడానికి! ఆ, గడ్డమాయనకి ఇచ్చాడు. ఎర్రచొక్కా అడ్డమొచ్చాడు. ఈల వేశారు."

"తప్పెవరిది?"

"నాకేం తెలుసు? నాది కాదంటే నాది కాదంటున్నారు."

"ఒక్క పాయింటే తేడా! ఏడు సెకన్లు!" మామగారు అరిచారు.

మూడు ఆదివారాలు ధారపోసింది ఈ వీపు చూడటానికా, అనుకున్నాడు అల్లుడు.

"బంతి కెప్టెన్ చేతికొచ్చింది బాబూ!"

అల్లుడి కుడికాలు అత్తగారి పీట పక్కనుంచి గడప దాటింది. బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగింది. అతను చూశాడు. ఇంకో చుట్టు తిరిగింది. మామగారు వెనక్కి తిరిగి ఆ కాలు చూసి, తిట్టడానికి నోరు తెరిచారు. బంతి వలలోంచి జారింది. బజర్ మోగింది.

భార్య సోఫా ఎక్కి గెంతింది. "మనవాళ్ళేనా?" అంటున్నారు అత్తగారు. అల్లుడు రెండో కాలు ఎత్తబోయాడు.

"ఆగండి!"

మామగారు చెవి వెనక పెన్సిలు తీసి, వంగి, కుడిపాదం చుట్టూ గీత గీశారు. "బుధవారం ఫైనల్‌కి ఇక్కడే."

అల్లుడు మెడ సాచాడు. అక్కడినుంచి టీవీ సగం కనిపిస్తోంది.

"ఒక్క జానెడు ముందుకు జరగనా మామయ్యగారూ?"

"పిచ్చి ప్రయోగాలు చెయ్యకండి," అంటూ ఆయన రెండో పాదం దగ్గరికి జరిగారు.