ఒక్క నిమిషం పట్టుకో

ఆదివారం పొద్దున్న ఐదున్నరకి, పరుగు నేర్పే ఈలల మాస్టారు మైదానం గేటు దగ్గర ఈల వేసేసరికి, కత్తెరమ్మ ఇంట్లో సగం పని ముగించుకుని వచ్చేది. మధ్యాహ్నానికి కూరలు తరిగి, పదేళ్ళ కూతురి స్కూలు బట్టలు నానబెట్టి, అత్తగారికి మందులు అందించి, బూట్ల తాళ్ళు మెట్ల మీద కట్టుకుంటూ పరుగున వచ్చేది. యూనిఫారాలు కుట్టే దుకాణంలో గుడ్డ కత్తిరించే పని ఆవిడది. అందుకే పరుగు గుంపులో ఆ పేరు పెట్టారు. రోజుకి తొమ్మిది గంటలు బల్ల ముందు నిలబడీ నిలబడీ నడుము పట్టేస్తుంటే డాక్టరు కాస్త కదలమన్నాడు. కదలమంటే ఏకంగా పరుగెత్తింది. పరుగెత్తాక తెలిసింది, ఆ రెండు గంటలూ తనని ఎవరూ నా మేజోళ్ళెక్కడ అని అడగరని.

గుంపులో ఇరవై మంది. ఎనిమిది నెలల తర్వాత జరిగే ఇరవయ్యొక్క కిలోమీటర్ల పందెం కోసం తయారవుతున్నారు. పరుగు అయ్యాక ఇంటివాళ్ళు గేటు దగ్గర నిలబడి అలసట అందుకోవడం అన్ని గుంపుల్లోనూ ఉన్నదే. వాళ్ళు చేతులు చాపితే, పరుగెత్తినవాళ్ళు తమ అరచేతులు వాటి మీద ఆనిస్తారు. అంతే, దిగిపోతుంది. తీసుకున్నవాళ్ళు ఆ రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోతే తెల్లారేసరికి కరిగిపోతుంది. ఒంటరివాళ్ళు మాత్రం తమది తామే ఇంటికి మోసుకెళ్ళి పడుకుంటారు. సొంత అలసట సొంత నిద్రలో కరిగితే కాళ్ళు గట్టిపడతాయి. సంసారం ఉన్నవాళ్ళకి అలా కుదరదు కదా, ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలి.

ఇచ్చేసుకుంటూ పోతే వేగం రాదమ్మా అని మాస్టారు మొదటిరోజే చెప్పాడు. వేగం నాకెందుకండీ, మానకుండా ఉంటే చాలు అంది కత్తెరమ్మ. అన్నట్టుగానే ప్రతివారం అందరికన్నా చివర వచ్చేది.

గేటు దగ్గర ఆవిడ భర్త ముందువరసలో నిలబడేవాడు. బీమా ఆఫీసులో గుమాస్తా. నవ్వు మొహం. తడి తువ్వాలు భుజాన వేసుకుని, పందిట్లో పెళ్ళిపెద్దలా అందరినీ పలకరించి, భార్య రాగానే రెండు చేతులూ చాపేవాడు. నీకేమమ్మా, బంగారంలాంటి మొగుడు అని ఆడవాళ్ళంతా అనేవాళ్ళు. ఆవిడకి లోపల గర్వంగానే ఉండేది. అతను బండి మీద ముందుగా ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఆవిడ తేలికైన కాళ్ళతో కూరగాయలు కొనుక్కుని వెళ్ళేసరికి సోఫాలో కాళ్ళు బారజాపి, అమ్మో పిక్కలు, అమ్మో పిక్కలు అంటుండేవాడు. ఆ కాళ్ళకి పాప నూనె రాసేది. ఆ రోజంతా అతనికి కాఫీ కూడా కూర్చున్నచోటికే.

ఈ ఎనిమిది నెలల్లోనే అత్తగారు మంచానికి అతుక్కుపోయింది. అంతకుముందు మతిమరుపు ఉన్నా, ఇల్లంతా తిరిగేది, పాప జడ వేసేది. ఇప్పుడు మంచం అంచున కూర్చుని, ఒళ్ళో రెండు చేతులూ దోసిలి పట్టి, తలుపు వైపు చూస్తూ ఉంటుంది. పడుకోబెడితే మళ్ళీ లేచి కూర్చుంటుంది. డాక్టరు వయసన్నాడు.

పందెం వారం రోజులుందనగా శనివారం భోజనాల దగ్గర భర్త మెల్లగా మాట కదిపాడు. అమ్మని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలన్నాడు. నేను ఉద్యోగం మానలేను, నువ్వూ మానలేవు, ఇక మానగలిగింది పరుగొక్కటే అన్నాడు. లేదంటే పెద్దవాళ్ళని చూసుకునే చోటొకటి కనుక్కుని వచ్చాను, ఒకటో తారీకున చేర్పించేద్దాం అన్నాడు. ఏదో ఒకటి తేల్చమన్నాడు. నీ ఇష్టం అని కూడా అన్నాడు.

మర్నాడు పరుగులో ఆవిడ మనసు మనసులో లేదు. నీళ్ళ ట్యాంకు దాటాక ఎత్తు ఎక్కుతుంటే ఎడమ మోకాలు పట్టేసింది. కుంటుతూ వచ్చి, ఆ నొప్పితో సహా భర్త చేతుల్లో పెట్టింది. ఇంటికొచ్చాక మానేస్తానని చెప్పేద్దామనుకుంది. ముందు అత్తగారికి తల దువ్వుదామని దువ్వెన తీసుకుని వెనక కూర్చుంది.

"నీళ్ళ ట్యాంకు పక్కన ఆ ఎత్తుంది చూడు," అంది అత్తగారు. "అక్కడ ఎడమ మోకాలు పట్టేస్తుందే అమ్మాయ్."

రెండేళ్ళుగా ఆవిడ వీధి గుమ్మం దాటలేదు. కత్తెరమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది. అలసటతోపాటు పరుగెత్తిన దారి కూడా వస్తుందని గుంపులో అందరికీ తెలిసిందే.

"ఎవరిచ్చారత్తయ్యా?"

"ఎవరో ఒక్క నిమిషం పట్టుకోమన్నారు. ఎవరో గుర్తు రావట్లేదు. ఇంకా అంతకుముందువీ ఉన్నాయి. వచ్చి తీసుకుంటారు కదా, పడుకుంటే ఎలా? చేతిలోది పడిపోదూ?"

కత్తెరమ్మ హాల్లోకి వెళ్ళింది. పాప నూనె గిన్నె పట్టుకుని తండ్రి కాళ్ళ దగ్గర కూర్చునుంది. గిన్నె తను తీసుకుని, పాపని లోపలికి పంపి, అడగాల్సింది అడిగింది. అతను మొదట నవ్వాడు, తర్వాత కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

"నాకున్నది ఒక్క ఆదివారమే కదా సెలవు? అమ్మ ఎలాగూ ఊరికే కూర్చునేదే కదా."

"ఎనిమిది నెలలు."

"ఆవిడకి గుర్తుండదులే," అన్నాడు.

 గేటు దగ్గర చాపిన ఆ చేతులు కత్తెరమ్మ కళ్ళముందు కదిలాయి. అప్పటికే నూనె మరకలు పడ్డ సోఫా మీదే నూనె గిన్నె పెట్టి గదిలోకి వెళ్ళి, అత్తగారి ముందు నేల మీద కూర్చుని, రెండు చేతులూ చాపింది.

"నేనే అత్తయ్యా. తీసుకెళ్దామని వచ్చాను."

"ఇంతసేపా?" అంది అత్తగారు, విసుగ్గా. దోసిలి తెచ్చి కోడలి చేతుల్లో వంచింది.

ముప్ఫై నాలుగు ఆదివారాలు ఒక్కసారే దిగాయి. వానలో పరుగెత్తినవి, జ్వరం తగ్గీ తగ్గకముందు పరుగెత్తినవి, బూటు కరిచిన మడమలు, అన్నీ. కత్తెరమ్మ ఉన్నచోటే ఒరిగిపోయింది. బుధవారం సాయంత్రం దాకా లేవలేదు. దుకాణం నుంచి రెండుసార్లు మనిషి వచ్చి చూసి వెళ్ళాడు. భర్త అన్నం మాడ్చాడు, పాపని ఒక జడతోనే స్కూలుకి పంపాడు. రెండో జడ అత్తగారు వేసింది, గురువారం నుంచి. అప్పటికి ఆవిడ కూడా నాలుగు రాత్రులు కంటినిండా నిద్రపోయి లేచింది. లేచి ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, ఈ సోఫా మీద నూనె మరకలేమిటి అని అడిగింది. కొడుకు వైపు కాసేపు చూసింది. ఆ చూపుకి అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం పందెం మొదలయ్యింది. నీళ్ళ ట్యాంకు ఎత్తు వచ్చినప్పుడు కత్తెరమ్మ మోకాలు పట్టలేదు. ఎనిమిది నెలల బలం ఒక్క వారంలో వచ్చిన కాళ్ళు, తనవేనా అన్నట్టు కిందికి చూసుకుంది. గుంపులో ఎప్పుడూ వీపులే చూసిన మనిషి, ఒక్కొక్క మొహాన్నీ దాటుకుంటూ పోయింది. మొదటిదిగా రాలేదు, నాలుగోదిగా వచ్చింది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.

గేటు దగ్గర భర్త ముందువరసలోనే ఉన్నాడు, భుజాన తడి తువ్వాలుతో, చేతులు చాపి. పక్కన అతని తల్లి, పాప.

ఆవిడ ఆ చేతులు దాటి వచ్చేసింది.

"ఇవ్వు, అందరూ చూస్తున్నారు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇక నాది నేనే మోసుకుంటాను."

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. అప్పుడు అత్తగారు ముందుకొచ్చింది. ముడతలు పడ్డ తన అరచేతులు రెండూ కొడుకు చేతుల మీద ఆనించింది. డెబ్భై తొమ్మిదేళ్ళలో ఆవిడ తనదంటూ ఎవరికీ ఏదీ పట్టుకోమని ఇచ్చినట్టు లేదు.

"ఒక్క నిమిషం పట్టుకోరా నాన్నా," అంది.

అతను గేటు పక్కన రాతి మీద మెల్లగా కూర్చున్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు, పాపం చూడండి, ఎంత మంచివాడో అనుకుంటూ వెళ్ళిపోయారు. తాళ్ళు చుట్టేసి, బల్లలు ఎత్తేసి, గేటు వేసేవాడు వచ్చి లెమ్మన్నా, అతను ఒళ్ళో దోసిలి పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ, ఇదిగో వచ్చి తీసుకుంటారు అన్నాడట.

వీధి మలుపు దాకా పాప ఇద్దరి చేతులూ పట్టుకుని నడిచింది. కత్తెరమ్మ కుంటుతోంది. అత్తగారు కుంటడం లేదు. మలుపు తిరిగాక ఆవిడ ఆగి, నుదురు చిట్లించింది.

"ఏదో మర్చిపోయి వచ్చినట్టుందే అమ్మాయ్."

"గుర్తొచ్చినప్పుడు వెళ్దాం లెండి అత్తయ్యా," అంది కత్తెరమ్మ.