ఖాళీ ఉన్నట్టు కనిపించే చోటు

మొదట్లో పద్మనాభం చేతిలో ఉన్నవి: అమెరికాలో చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో రెండు కార్లు పట్టే గరాజు, అందులో ఒక కారు మేర ఖాళీ, నలభై టెరాబైట్ల డిస్కులున్న ఒక సర్వర్, ఇన్నేళ్లూ బియ్యం, పప్పులు టోకున అమ్మి నేర్చుకున్న బేరం. వీటికి తోడు అన్న కూతురు అదితి. ఆమె ఇక్కడే పుట్టింది, చికాగోలో ప్రోగ్రామర్. ఆదివారాలు వచ్చి పిన్ని చేతి పులిహోర తిని, బాబాయ్ సర్వర్ సంగతి చూసి వెళ్లేది.

ఆయన అమ్మేది చోటు. పెళ్లిళ్లు, అరంగేట్రాలు తీసే ఫోటోగ్రాఫర్లకు వీడియోలు దాచుకోవడానికి చోటు కావాలి. ఆల్బమ్ ఖాయం చేయడానికి ఇంటివాళ్లు నెలలు తీసుకుంటారు, అప్పటిదాకా ఒక్క షాట్ కూడా పారేయడానికి వీల్లేదు. అలాంటి వాళ్లు పదకొండు మంది. తలా నాలుగు టెరాబైట్లకు ఒప్పందం.

ఆ నాలుగూ ఎలా ఇవ్వాలో మొదటి రోజే అదితి అడిగింది.

"ఒక్కొక్కరికీ ఒక పెద్ద ఫైల్, వాళ్ల వీడియోలన్నీ అందులోనే. దానికి రెండు వేస్ ఉన్నాయి బాబాయ్. ఈ ఫైల్‌కి నాలుగు రిజర్వ్ చెయ్ అని సిస్టమ్‌కి చెప్తే, డిస్క్‌లో అంత చోటు దీని పేరు మీద పక్కన పెట్టేస్తుంది. ఖాళీగా ఉన్నా సరే, ఇంకెవ్వరికీ ఇవ్వదు. రెండోది, సైజ్ నాలుగు అని జస్ట్ రాసి ఊరుకోవడం. చూస్తే నాలుగే కనిపిస్తుంది. కానీ చోటు ఇవ్వదు. వాళ్లు డేటా రాస్తున్నప్పుడు, ఎంత రాస్తే అంతే ఇస్తుంది."

"ఆ రాసేటప్పుడు డిస్క్‌లో చోటు లేకపోతే?"

"ఎర్రర్ వస్తుంది. వాళ్ల ఫైల్‌లో ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ రాయనివ్వదు."

పద్మనాభం లెక్క వేశాడు. ఎవరూ సగానికి మించి వాడరు. రైలు పాస్ కొన్నవాళ్లంతా ఒకే పెట్టెలో ఎక్కరు కదా. వాడని చోటుకు డిస్కులు కొనడం డబ్బు తగలెయ్యడమే. ఫోటోగ్రాఫర్లకు రెండో పద్ధతి పెట్టమన్నాడు.

ఒక్కరికి మాత్రం మొదటి పద్ధతి. ఆమె ఉజ్వల, పళ్ల డాక్టరు. అంతకు ముందు వేరే చోట ఎక్స్‌రేలు దాచుకుంటే కాపీ మధ్యలో చోటు చాలలేదట. అందుకే, "నాకు కబుర్లు వద్దండీ పద్మనాభం గారూ. ఆరు టెరాబైట్లు ముందే నా పేరున పక్కకు తీసి కట్టిపెడతారా, లేదా?" అని అడిగింది. కట్టిపెట్టాడు. అందుకు తగ్గ ధర కూడా తీసుకున్నాడు. ఆమె అందులో వాడుతున్నది ఒక్కటే.

అంటే నలభై చేతిలో పెట్టుకుని యాభై అమ్మాడు. ఏడాది పాటు ఏ చిక్కూ రాలేదు.

ఆయన లెక్క తప్పింది ఆగస్టు దగ్గర. పెళ్లిళ్లు ఏడాది పొడుగునా ఉంటాయి. అరంగేట్రాలు అలా కాదు. పన్నెండో తరగతి అయిపోయి, పిల్ల కాలేజీకి వెళ్లేలోపు అయిపోవాలి. అందుకని ఊళ్లోని ఆడిటోరియాలన్నీ ఆ నెల శనాదివారాల్లో ఈ పిల్లలవే. మూడేసి కెమెరాలు, మూడేసి గంటలు. పదకొండు మందీ ఒకే నెలలో ఒకేసారి నింపడం మొదలుపెట్టారు.

ఆదివారం భోజనాల వేళ శశికాంత్ ఫోన్ చేశాడు. ఫోటోగ్రాఫర్లలో పేరున్నవాడు, మిగతా వాళ్లను తెచ్చిపెట్టింది కూడా అతనే.

"అన్నా, ఏందన్నా ఇది? అప్‌లోడ్ మధ్యల ఆగిపోయింది. నో స్పేస్ అంటున్నది. నాది చూస్తే ఇంకా సగం ఖాళీ చూపిస్తున్నది!"

"సాయంత్రం ప్రోగ్రామ్‌కి వేరే మెమరీ కార్డులు లేవా నీ దగ్గర? కొత్తవి కొను, ఆ ఖర్చు నాది."

"కార్డులు కొంటలే అన్నా, అది కాదు నా బాధ. నాలుగు అని సూపెట్టి రెండు దగ్గర్నే ఆపుడేంది? మనోళ్లకు గూడ ఇట్లనే అయితున్నదేమో, గ్రూపుల అడిగి చూడనా?"

"వద్దు వద్దు. చిన్న రిపేరు జరుగుతోంది. గంటలో ఫోన్ చేస్తా."

గ్రూపులో ఒక్కడు అడిగితే పదకొండు మందీ తమ తమ లెక్కలు చూసుకుంటారు. చూసుకుంటే సాయంత్రానికి వ్యాపారం ఉండదు. షాపుల్లో దొరికే డిస్కులు ఈ సర్వర్‌లో పట్టవు. పట్టేవి అప్పటికప్పుడు ఆర్డర్ పెట్టాడు. మంగళవారం గానీ రావు.

అదితి స్క్రీన్ ముందే కూర్చుని ఉంది. ఆమె చేసిపెట్టిన పేజీలో ప్రతి కస్టమర్ పేరు పక్కనా 'రిలీజ్' అని ఒక బటన్ ఉంటుంది. ఎవరైనా ప్లాన్ తగ్గించుకుంటే, వాళ్ల ఫైల్‌లో రాయని భాగాన్ని సిస్టమ్‌కు తిరిగి అప్పగించడానికి.

"డాక్టరమ్మది అయిదు ఊరికే పడుంది కదా. అది రిలీజ్ చేస్తే?"

అదితి తల తిప్పి చూసింది. "బాబాయ్, నో. అది ఆవిడది."

"మంగళవారం మళ్లీ కట్టిపెట్టేద్దాం. ఆవిడకి తేడా కనిపిస్తుందా?"

"కనిపించదు. సైజ్ ఆరే ఉంటుంది. వెనకాల చోటు మాత్రం ఉండదు. దట్స్ ద ప్రాబ్లమ్."

"కనిపించనిది ప్రాబ్లమ్ ఎలా అవుతుందే?"

"నేను చెయ్యను. నువ్వు చేసినా నేనిక్కడ ఉండను."

"అబ్బో! ఉండకు. పులిహోర డబ్బాలో పెట్టించుకుని వెళ్లు."

నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. డబ్బా కూడా తీసుకోకుండా కారెక్కి వెళ్లిపోయింది. ఆ కారు మలుపు తిరిగేదాకా పద్మనాభం గరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి ఉజ్వల పేరు పక్కన బటన్ నొక్కాడు. రెప్పపాటులో అయిదు టెరాబైట్లు అందరివీ అయిపోయాయి. ఉజ్వల పేరు పక్కన ఆరు అంకె చెక్కుచెదరలేదు.

శశికాంత్ మళ్లీ ఫోన్ చేశాడు. "సూపర్ అన్నా! ఆదివారం పూట ఎవడు ఎత్తుతడన్నా ఫోను! గ్రూపుల పెడుతున్న, మా అన్న లెక్క సర్వీసు ఎవడూ ఇయ్యడని."

పద్మనాభానికి ఆ మెచ్చుకోలు మింగుడుపడలేదు. మంగళవారం దాకా ఆగితే చాలని తనకు తానే పదే పదే చెప్పుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఉజ్వల ఫోన్.

"పద్మనాభం గారూ, పాత స్కాన్లన్నీ మీ దగ్గరికి కాపీ పెట్టానండీ. సగానికి ఆగిపోయింది. ఎక్స్‌రే మెషీన్‌తో పాటు ఆ కంప్యూటర్‌ని కూడా లీజు వాళ్లు ఇవాళే పట్టుకుపోతారు. చోటు ఎలాగూ మీ దగ్గర కట్టిపెట్టి ఉంది కదా అని రమ్మన్నాను. బయట ట్రక్కు కూడా వచ్చేసింది."

పద్మనాభం వెంటనే కారెక్కాడు. దారిలో షాపులో కంప్యూటర్‌కు బయటినుంచి తగిలించే పెద్ద డిస్కు ఒకటి కొని క్లినిక్‌కు పరుగెత్తాడు. ట్రక్కు వాళ్లను సాయంత్రం దాకా ఆగమని బతిమాలి, కాఫీలు తెప్పించి, మిగిలిన స్కాన్లన్నీ ఆ డిస్కులోకి ఎక్కించాడు. ఒక్కటీ పోలేదు. కంప్యూటర్ ట్రక్కెక్కాక కుర్చీలో కూర్చున్నాడు.

ఉజ్వల ఎదురుగా కూర్చుంది. "ఇప్పటికీ ఆరే చూపిస్తోందండీ. నేను అయిదు కూడా నింపలేదు. మరి ఎందుకు ఆగింది?"

డిస్కు పాడైందని చెప్పడానికి నోరు తెరిచాడు. అలా అంటే మొదటి సగం క్షేమమేనా అని ఆమె హడలిపోతుంది. చేసింది చాలక ఆ భయం కూడా పెట్టాలా అనిపించింది.

"నిన్న మీ చోటు తీసి వేరేవాళ్లకి ఇచ్చానండీ. వాళ్లకి అమ్మినంత నా దగ్గర లేదు."

ఆమె బల్ల మీది డిస్కును తన వైపు జరుపుకుంది.

"నన్ను అడగొచ్చు కదండీ. రెండు రోజులు ఆగమంటే ఆగేదాన్ని. ట్రక్కుని వచ్చే వారం రమ్మనేదాన్ని."

అడిగి పుచ్చుకునే దారి ఒకటుందని ఆయనకు తట్టనే లేదు.

"ఈ డిస్కు ఎంతైందో చెప్పండి, ఇచ్చేస్తాను. మీ దగ్గరున్నది కూడా ఇందులోకే కాపీ చేసి పెట్టండి. ఇకమీదట నా దగ్గరే ఉంచుకుంటాను."

"దీనికి డబ్బు వద్దండీ."

"ఊరికే తీసుకుంటే మళ్లీ మీతో లెక్క మిగులుతుంది. ఎంతో చెప్పండి."

చెప్పాడు. అణాపైసలతో ఇచ్చేసింది.

మంగళవారం కొత్త డిస్కులు వచ్చాయి. ఒక్కడే కూర్చుని బిగించాడు. పదకొండు మంది ఫైళ్లకూ అసలైన చోటు, తలా నాలుగు, నిజంగా కట్టిపెట్టాడు. ఎంతో కొంత మిగిలింది కూడా. అదితికి చెబుదామని ఫోన్ చేశాడు. "బిజీ బాబాయ్, తర్వాత" అంది. ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. పిన్ని మాత్రం పులిహోర కలుపుతూనే ఉంది.

చివరికి లెక్క ఇలా తేలింది. లేనిది ఉన్నట్టు కొనుక్కున్న పదకొండు మందీ అలాగే ఉన్నారు. గ్రూపులో శశికాంత్ రాసిన పొగడ్త చూసి మరో ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. ఉన్నది ఉన్నట్టు కొనుక్కున్న ఒక్క మనిషి వెళ్లిపోయింది, ఆమెతో పాటు అదితి వచ్చే ఆదివారాలు కూడా. వచ్చింది ముగ్గురు, పోయింది ఇద్దరు. ఎటు నుంచి కూడినా లాభమే కనిపిస్తోంది.