పోలమ్మ కలపని గీత

నా బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుంటారేమోనన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. ఆ భయంతోనే ఆ రోజు గేటు దగ్గర నోరు విప్పలేదు.

తెల్లవారుతుండగా పోలమ్మ కుండ కడుగుతోంది. మలయాలోని బాగన్ దాతుక్ కొబ్బరితోటలో పనివాళ్ళకు నీళ్ళు మోయడం ఇరవై ఏళ్ళుగా ఆమె పని. లోపల కొబ్బరిపీచుతో రుద్ది, బయట చెరిగిన బొమ్మల మీద సున్నం దిద్దింది. మెడ చుట్టూ రెండు చేపలు, వాటి కింద ఒక గీత. ఆ గీత చివరలు ఎన్నడూ కలపదు, వేలెడు ఖాళీ వదిలేస్తుంది. ఎందుకని అడిగితే, "నీల్లు ఎల్లాల, మల్లీ రావాల. దారి మూసేస్తే ఏటి సేస్తాది?" అనేది.

అడవిలో దాక్కుని తెల్లదొరల మీద పోరాడుతున్నవాళ్ళకు తిండి చేరకూడదని ఆ ఏడు మా ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దాటి అన్నం మెతుకు పోకూడదు. నీళ్ళకు అడ్డులేదు. నాకు పాలు చాలక చంటిది ఏడుస్తోందని ముందురోజు పోలమ్మతో చెప్పుకున్నాను. ఆ ఉదయం, తోటలో పని మధ్య నేను తాగుతానని ఆమె కుండలో ఉప్పు వేసిన గంజి పోసింది. గంజి దాహానికి తాగేదే కదా. అది తిండి కిందికి వస్తుందని ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు.

గేటు కాపలా మణియం రోజూ, "చేపలెప్పుడు వండుతావక్కా?" అనేవాడు. "నీ తుపాకీ పేలిన రోజున లా" అనేది పోలమ్మ, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి. ఆ రోజు పక్కన పై అధికారి ఉన్నాడు. మణియం తల దించుకున్నాడు.

అధికారి కుండలో కర్ర ముంచాడు. తెల్లగా వచ్చింది, చివర రెండు మెతుకులు. ఇది ఎవరికని అడిగాడు. చంటిదాన్ని చంకనేసుకుని నేను వెనకే ఉన్నాను. పోలమ్మ నావైపు ఒక్కసారి చూసింది.

"నాదే దొరా. నాకే దాహం."

గంజి మట్టిలో పారబోశారు. ఆమె ఖాళీ కుండను నా కాళ్ళ దగ్గర పెట్టి వాళ్ళ లారీ ఎక్కింది. మళ్ళీ రాలేదు. ఓడ ఎక్కించి ఇండియాకు పంపేశారని తర్వాత విన్నాం.

మెర్డెకా అంటూ మలయాకు స్వాతంత్ర్యం వచ్చింది. కంచె పీకేశారు. నా కూతురు బడికి పోతోంది. పోలమ్మ వస్తుందేమోనని ఇప్పటికీ తెల్లవారగానే దారి వైపు చూస్తాను.

ఆమె పుట్టింది పలాస పక్కన ఎక్కడో. మీలో ఎవరైనా అటు వెళ్తే, మలయా నుంచి వచ్చిన పోలమ్మ ఉందేమో, ఆమెకింత గంజి పోసేవాళ్ళున్నారేమో ఒక్కసారి చూసి రండి. కుండ మా గుమ్మం పక్కనే ఉంది. ఏటా సున్నం దిద్దుతున్నాను, వేలెడు ఖాళీ మాత్రం అలాగే ఉంది.