కచేరీ మెట్ల మీద గొర్రెపిల్ల

బీరమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: భర్త కురుమయ్య నౌకరి ఊడుతుందేమోనని. పాలమూరు ఇన్‌కంటాక్స్ కచేరీలో అతను చప్రాసీ. ఇంకా పక్కా కాలేదు. ఊడిందంటే చంకలోని పసిబిడ్డ సుక్కను ఎత్తుకుని మళ్లీ మక్తల్ బీళ్లలో మంద వెంట ఎండలో తిరగాలి.

ఢిల్లీలో ఈ పన్నులకు వేరే బోర్డు పెట్టిన ఏడాది అది. హైదరాబాదు నుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని కచేరీకి సున్నం కొట్టించారు. కురుమయ్యకు సద్ది తెచ్చిన బీరమ్మ మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆమె తల్లి బక్కమ్మ, భుజాన గొంగడి, చేతిలో నల్ల గొర్రెపిల్ల తాడుతో నిలబడి ఉంది. గడపకు అడ్డంగా కురుమయ్య.

"అమ్మా, గిదేందే? గా మోకాలు నొప్పితోని గింత దూరం ఎట్లొచ్చినవ్?"

"అల్లునికి నౌకరిచ్చిన సారుకు ఒట్టి చేతులు సూపియ్యాల్నా? మీ ఆయన సూడు, లోపలికి రానిస్తలేడు!"

"సారోళ్లు తీసుకోరే! నౌకరి పోతది!"

అంతలోనే జీపు వచ్చింది. పెద్దసారు దిగాడు, వెనకే కచేరీ ఆఫీసరు. గొర్రెపిల్ల గొంతెత్తి అరిచింది.

"ఎవరిదిది?" అన్నాడు పెద్దసారు.

"మీదే సారూ" అంది బక్కమ్మ.

ఆఫీసరు ముఖం కొత్త సున్నం గోడలో కలిసిపోయింది.

"నా అల్లుడే నన్ను లోపలికి రానిస్తలేడు. మీరే గద అందరికన్న పెద్ద?"

"ఈ కచేరీకి ఈయన పెద్ద. ఈయన పని నేను చూస్తాను. నా మీద హైదరాబాదులో కమిషనరుగారు."

"ఆయన మీద?"

"ఢిల్లీలో బోర్డు. దేశమంతటికీ వాళ్లే చెబుతారు."

బక్కమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మో! మా తీరుగనే! మందకో కాపరి, నాలుగు మందలకో పెద్ద. నేను ఒక్క పిల్లనే తెస్తి. ఢిల్లీ దాంక పంచాల్నంటే నా మంద సాలది గద సారూ!"

పెద్దసారు మీసాలు కదిలాయి. "ఒక్కటీ వద్దమ్మా. మా కొలువులో ఉన్నిపోగు పుచ్చుకున్నా తప్పే. చప్రాసీ నుంచి బోర్డు దాకా అదే పద్ధతి."

బక్కమ్మ ముఖం చిన్నబోయింది. తెచ్చి ఇచ్చిన పిల్లను తిరిగి తోలుకుపోవడం వాళ్ల ఇళ్లలో లేదు. తాడు వదిలేసి చేతులు కట్టుకుంది. ఆ తాడు ముట్టుకోవడానికి కచేరీలో ఎవరికీ ధైర్యం లేదు. కురుమయ్య ఇంకా గడపకు అడ్డంగానే ఉన్నాడు.

బీరమ్మ చంకలో సుక్కను సర్దుకుంది. ముందుకొచ్చింది. "సారూ, గీ పిల్ల నా బిడ్డది. బిడ్డ పుడితే అమ్మమ్మ గొర్రెపిల్లనియ్యాలె. పట్నంల పుట్టిందని ఈమె ఇయ్యలే. నౌకరిచ్చినోళ్లు యాదికొచ్చిర్రు గని, మనుమరాలు యాదికి రాలే!"

"ఓసినీ! పదిమంది ముందల నా పరువు తీస్తున్నవా!" అని బక్కమ్మ పకపక నవ్వింది. తాడు కొస తీసి సుక్క గుప్పిట్లో పెట్టింది. గొర్రెపిల్ల లాగితే సుక్క కిలకిలమంది.

"జర చెప్పుర్రి సారూ, దీని మీద పన్నేస్తరా?" అంది బక్కమ్మ.

"దాన్ని కాయడం నీ మనుమరాలిని నేర్చుకోనివ్వమ్మా ముందు!"

కచేరీ అంతా గొల్లున నవ్వింది. పెద్దసారు గడప దగ్గరున్న కురుమయ్యను ఎగాదిగా చూశాడు. "ఇతన్ని ఇంకా పక్కా చేయలేదా?"

"కాగితం పైకి పంపాం సార్. కమిషనరుగారి కచేరీలో ఉంది" అన్నాడు ఆఫీసరు.

"నేను వెళ్లి కదిలిస్తాను. సొంత అత్తగారిని ఆపినవాడు ఎవరినైనా ఆపగలడు."

నౌకరి పక్కా చేసిన ఆర్డరు బతుకమ్మ పండుగ నాటికి వచ్చింది. బీరమ్మ సుక్కను ఎత్తుకుని కిరాయి ఇంటి వాకిట్లో గిర్రున తిరిగింది. ఆ ఇంట్లో జాగా లేక గొర్రెపిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు బీరమ్మ ఫికరంతా తల్లి మోకాలి మీదే.

మక్తల్ దిక్కు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే, నల్ల గొర్రె వెంట నడిచే బక్కమ్మను ఒకసారి పలకరించండి. దవాఖానకు పోయిందో లేదో అడగండి. "నాకేమైంది" అంటుంది, నమ్మకండి. నాలుగడుగులు నడిపించి చూసి, బీరమ్మకు కబురు చెప్పండి.