మీ ఇల్లు చల్లగా ఉంటుందా?

మా కాలనీ ఎమ్మిగనూరు బయట ఉంది. ఇంటి పట్టా మా అత్త హుసేనమ్మ పేరు మీద ఉంది. సిమెంటు ఇటుక గోడలు, పైన స్లాబు. మే నెల మధ్యాహ్నం ఫ్యాను వేస్తే వేడిగాలి దిగుతుంది, ఆపితే ఊపిరాడదు. వేయాలో ఆపాలో నాకు ఇప్పటికీ తేలలేదు. కరెంటు బిల్లు మాత్రం తప్పకుండా వస్తుంది.

మా పాపకి మూడో నెల. ఒళ్లంతా చెమటకాయలు. చల్లటి గదిలో ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. ఆ గది ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అందుకే, ఎండను వెనక్కి కొట్టే తెల్లరంగు స్లాబుల మీద ఉచితంగా వేస్తారని విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు ఇంటింటికీ వచ్చి అడిగి, వేడెక్కే వీధులకే వేస్తారట.

అడగడానికి ఆదోని నుంచి సుష్మిత అనే అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో వేడి కొలిచే మిషను. మా గడప దగ్గరికి వచ్చేసరికే ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, నాకేం అర్థం కాలే. మిషను చూస్తే నలభై చూపిస్తాంది. మనుషుల్ని అడిగితే వీధి వీధంతా సల్లగుందంటాండారు. అట్లయితే మీ వీధికి రంగు రాదు."

నాకూ అర్థం కాలేదు. నిన్న నీళ్ల పంపు దగ్గర ఎండను తిట్టని నోరు లేదు. ఇవాళ వీళ్లకేం పుట్టింది?

"మా ఇల్లయితే..." అని మొదలుపెట్టాను.

"పట్టా ఎవరి పేరుతో ఉందో వాళ్లే చెప్పల్ల అక్కా," అంది.

అత్తను పిలిచాను. సుష్మిత ఫోనులో ఉన్నది ఉన్నట్టు చదివింది. "మీ ఇల్లు చల్లగా ఉంటుందా? అవును, కాదు."

"సల్లగుంటాది తల్లీ," అంది అత్త, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. "పొద్దున ఇది ఇల్లా, పెనమా అన్నింది నువ్వే కదత్తా?"

"అది నీతో అన్నెది. బయటోళ్లొచ్చి మీ ఇల్లు సల్లగుందా అని అడిగితే గడపలో నిలబడి లేదంటారామే? నా కొడుకు లారీ మీద యాడున్యాడో ఏమో. ఆ మాట నా నోట రాదు."

వీధి సంగతి అప్పుడు తెలిసింది. ఈ పిల్ల ఎండ గురించి అడిగితే వాళ్లు కాపురాల గురించి చెప్పారు. బాగానే ఉంది, ఇక నేనే చెప్తానని నోరు తెరిచాను. మా ఆయన తిరుపాల్ గుర్తొచ్చాడు. నా నోటా రాలేదు.

"ఇందులో వేరే మాట లేదవ్వా," అంది సుష్మిత దిక్కుతోచక. "పోనీ, ఇల్లు మండుతాందని..."

అత్త చెవులు మూసుకుంది.

లోపల పాప ఏడ్చింది. అత్త పోయి ఎత్తుకొచ్చి, చొక్కా పైకి లాగి, ఎర్రగా కందిపోయిన వీపును ఆ అమ్మాయికి చూపించింది.

"ఇల్లు సల్లగనే ఉండాది. ఇంట్లో బిడ్డ ఉడికిపోతాండాది. అది రాసుకో."

సుష్మిత వంగి ఆ వీపు చూసింది. తర్వాత ఫోను నొక్కింది. నేను పక్కనే ఉన్నాను, నాకు కనబడింది. "కాదు" అని నొక్కింది.

సంతోషించాల్సిన మాటే. కానీ మా ఇల్లు చల్లగా లేదని మా గడపలోనే ఎవరో ఖాయం చేసేశారు. నవ్వాలో దండం పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

సుష్మిత పక్కింటికి వెళ్లింది. అత్తకి చదువు రాదు. నా వైపు తిరిగింది.

"ఏం నొక్కిందే ఆ పిల్ల?"

బిడ్డను అందుకున్నాను. ఒళ్లు కాలిపోతోంది.

"సల్లగుందనే నొక్కింది లే అత్తా," అన్నాను.